యూనుస్ సార్ రంగు

అటక మీది అట్టపెట్టెలో గ్లౌజు దొరికింది. దొరికింది అనడం తప్పు, అది అక్కడే ఉందని నాకు తెలుసు. కిరాయి ఇళ్ళు మారినప్పుడల్లా ఆ పెట్టెను తాడుతో నేనే కట్టాను, కొత్త ఇంట్లో విప్పకుండా నేనే పైకెక్కించాను. ఈసారి విప్పడానికి కారణం ఒక కార్డు. కృష్ణానగర్ చివర కొత్తగా కట్టిన ఆటస్థలంలో బేస్‌బాల్ కోచ్ యూనుస్ సార్ విగ్రహం పెడుతున్నామనీ, ఆయన దగ్గర ఆట నేర్చిన పాత క్రీడాకారిణిగా నేను తప్పకుండా రావాలనీ అందులో వేశారు. నా పేరు ముందు క్రీడాకారిణి అన్న మాటను అచ్చులో చూడటం అదే మొదటిసారి. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, ఆ మాటను వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాను. తర్వాత స్టూలెక్కాను. పెట్టె మూత తీయగానే ఆముదం వాసన వచ్చింది, మా నాయనమ్మ వచ్చి పక్కన కూర్చున్నట్టు.

ఆ వాసన సంగతి చెప్పాలంటే రహమత్ నగర్‌లో మా ఇల్లు చెప్పాలి. ఒక గది, ముందు చిన్న వరండా, పైన డాబా. మా నాయన షూటింగుల్లో లైట్లు మోసేవాడు. మా అమ్మ ఫిలింనగర్ నుంచి కాస్ట్యూములు మూటలుగా తెచ్చి, ఉతికి, గంజి పెట్టి, బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసి పంపేది. మా డాబా తాడు మీద ఒకరోజు ఆరుగురు పోలీసుల బట్టలు వేలాడేవి, ఇంకోరోజు జరీ అంచు పెట్టిన రాజుగారి అంగీ. "ఏమే, ఇయ్యాల రాజుగారు బట్టలు ఇడిసిండా?" అని ఎదురింటి బాలమణి అత్త గల్లీ మొత్తం వినేట్టు అరిచేది. ఇంట్లో ఎప్పుడూ చెమటా, ముఖానికి రాసుకునే పౌడరూ, గంజీ, బొగ్గూ కలిసిన వాసన. దానిమీద నాయనమ్మ ఆముదం. ఆవిడ తలకు రాసుకునేదీ, మోకాళ్ళకు రాసుకునేదీ, తలుపు బందులకు వేసేదీ ఆ ఒక్కటే.

అవి సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసం జూబ్లీహిల్స్ అవతల గుట్టలన్నిటినీ పేలుస్తున్న రోజులు. మధ్యాహ్నం అన్నాలయ్యాక దూరంగా ఈల వినిపించేది. ఈల వినగానే నాయనమ్మ మామిడికాయ తొక్కు జాడీని అల్మారాలోంచి దించి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఢామ్మనేది. స్టీలు గిన్నెలన్నీ గలగలమని ఒకదాన్నొకటి తోసుకునేవి. "అయిపాయెనా?" అని గాలిని అడిగి, ఇంకో ఈల లేదని నమ్మకం కుదిరాక జాడీని మళ్ళీ పైన పెట్టేది. గిన్నెలు పడితే ఫరవాలేదా అని ఒకసారి అడిగాను. "గిన్నె పడితె సొట్ట పోతది. తొక్కు పడితె ఏడాదికి ఏం తింటవే?" అంది. మేం పొద్దున్నే ఆడుకునే మట్టి మైదానం చుట్టూ ఉన్న గుట్టలు కూడా అలాగే రోజుకింత తరిగిపోయేవి. నిన్న నీడ ఇచ్చిన రాయి ఇవాళ లారీలో కనిపించేది.

యూనుస్ సార్ సిద్దీ. నిజాం గుర్రపు దళంలో కొలువు చేయడానికి ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ మునిమనవడు. ఆరడుగుల మనిషి, తలకు అంటుకుని చుట్టలు తిరిగిన జుట్టు, పెద్ద అరచేతులు. పుట్టింది హైదరాబాదే, పెరిగింది హైదరాబాదే, అయినా బస్సెక్కితే కండక్టరు ఇంగ్లీషులో మాట్లాడేవాడట. "ఏ దేశం అని అడుగుతరు బేటీ. మాసాబ్‌ట్యాంక్ అని చెప్త" అని నవ్వేవాడు. కుర్రతనంలో బేస్‌బాల్ ఆడాడు. వాళ్ళ గల్లీలోంచి రాష్ట్రం జట్టుకు ఆడిన మొదటి మనిషి ఆయనే. ఆడే వయసు దాటాక కోచ్ పని కోసం తిరిగితే, ఎక్కడికి పోయినా సామాన్లు మోసే పని ఉందన్నారు. చివరికి కృష్ణానగర్‌లో గది తీసుకుని జూనియర్ ఆర్టిస్టు అయ్యాడు. విలన్ వెనకాల చేతులు కట్టుకుని నిలబడేది ఆయనే, అడవి సీనులో ఈటె పట్టుకుని అరిచేది ఆయనే. వేషం ఉన్న పొద్దున స్టూడియో, లేని పొద్దున మైదానం. మా బస్తీ ఆడపిల్లల చేతికి బ్యాట్ ఇచ్చిన మొదటివాడు కూడా ఆయనే. అప్పటిదాకా మా చేతులకు చీపురూ, బిందే, ఇస్త్రీ పెట్టే తెలుసు.

"క్రికెట్టే గదా సార్, వికెట్లు లేవు గంతే" అని ఫర్హానా అంటే ఆయన దెబ్బ తగిలినట్టు గుండె పట్టుకునేవాడు. ఫర్హానా మా జట్టులో బంతి విసిరే పిల్ల, నోరు చేతికంటే జోరు. ఆమే, సుజాతా, నేనూ ఒకే గల్లీ. సార్ మైదానంలో ఎప్పుడూ అరవలేదు. "నేను మొత్తుకుంటె అవతలోళ్ళకు గూడ ఇనబడ్తది" అనేవాడు. అన్నీ సైగలే. చెవి పట్టుకుంటే ఆగు, ఏం జరిగినా కదలొద్దు. మోకాలి మీద చరిస్తే ఉరుకు, వెనక్కి చూడొద్దు. మధ్యలో ముక్కు గీరుకునేవాడు, టోపీ సర్దుకునేవాడు, అవి ఉత్తవి, అవతలి జట్టును తికమక పెట్టడానికి. ఆ సైగలు మా ఇళ్ళలోకి కూడా వచ్చేశాయి. అమ్మ కిరాణా దుకాణానికి పొమ్మంటే నేను చెవి పట్టుకుని కూర్చునేదాన్ని. "గుంజీళ్ళు తీస్తున్నవా ఏందే, లే" అని వీపు మీద ఒకటి వేసేది.

నాయనమ్మకు మొదట్లో ఆయన గిట్టలేదు, దాచను. మొదటిసారి వరండా దగ్గరికి వచ్చి మంచినీళ్ళు అడిగితే, ఇంట్లో ఎవరూ తాగని సొట్ట గ్లాసులో పోసి కిటికీ గట్టు మీద పెట్టింది. ఆయన తాగి, గ్లాసు తనే కడిగి, బోర్లించి వెళ్ళాడు. అలవాటైన పనిలాగా కడిగాడు. అది నా కళ్ళలోంచి ఇప్పటికీ పోలేదు.

ఆ గ్లాసును ఇంట్లోంచి పంపింది బంతి. మా జట్టుకు ఉన్నవి మూడే బంతులు. కాస్ట్యూములు కుట్టే ఇంట్లో గట్టి దారం దొరుకుతుందని సార్ ఒకరోజు చీలిపోయిన బంతి తెచ్చాడు. అమ్మ చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంది. నాయనమ్మ కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని బంతిని ఇటూ అటూ తిప్పింది.

"ఎన్ని కుట్లు పడ్తయి దీనికి?"

"నూట ఎనిమిది, అవ్వా."

"ఏందీ?"

"నూట ఎనిమిదే. లోకంల ఏడ కుట్టినా గంతే. ఒకటి ఎక్కువ గాదు, ఒకటి తక్కువ గాదు."

నాయనమ్మ మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది. "అమ్మవారి పేర్లు గూడ గన్నే" అంది, ఆయనేదో తన పెట్టెలోంచి దొంగిలించాడన్నట్టు. తర్వాత సూది అందుకుంది. ఆ రోజు నుంచి మా బంతులు కుట్టడం ఆవిడ పని. ఒక్కో కుట్టుకూ అమ్మవారి పేరు ఒక్కోటి చదివేది. మధ్యలో ఎవరైనా పలకరించి పేరు తప్పితే దారమంతా ఊడదీసి మళ్ళీ మొదటి నుంచి కుట్టేది. బాలమణి అత్త కావాలనే పలకరించేది. నాయనమ్మ మాట్లాడకుండా కళ్ళతోనే తిట్టేది. మొదటి బంతి పూర్తయిన రోజు, "సారుకు నీళ్ళియ్యి" అని తన కంచు చెంబు నా చేతికిచ్చింది. సొట్ట గ్లాసు ఆ తర్వాత కోళ్ళకు గింజలు వేయడానికి పోయింది.

గ్లౌజు సార్ ఆడిన రోజులది, ఎడమ చేతిది. ఆయన దాన్ని నాకిచ్చేసరికి తోలు ఎండి పగుళ్ళిచ్చి, గోధుమ రంగులో గడ్డకట్టినట్టు ఉంది. నాయనమ్మ దానికి ఆముదం పట్టించడం మొదలుపెట్టింది. శుక్రవారం తలస్నానాలప్పుడు మా తలలయ్యాక గ్లౌజు వంతు. తోలు తాగి తాగి మెత్తబడింది, నల్లబడింది, లోపలి నుంచి ఒక ఎరుపు తేలింది. ఒకరోజు సార్ తన చెయ్యి దాని పక్కన పెట్టి చూశాడు.

"చూడు అవ్వా, నాకు తమ్ముణ్ణి తయారు చేసినవ్. ఒక్కటే రంగు."

నాయనమ్మ గ్లౌజునూ, చేతినీ వెలుతురులోకి లాగి మార్చి మార్చి చూసింది. "ఇంకో వారం పెట్టాలె" అంది.

ఇంకో పొద్దున ఆయన షూటింగ్ నుంచి నేరుగా మా ఇంటికి వచ్చాడు. ముఖం, మెడ, చేతులు బూటు పాలిష్ రాసినట్టు ఉన్నాయి. మేం పగలబడి నవ్వాం. కెమెరాలో తన నలుపు సరిపోలేదని మేకప్ మనిషి దాని మీద ఇంకా నలుపు పూశాడని చెప్పాడు. చెప్తూ తనూ నవ్వాడు. నాయనమ్మ నవ్వలేదు. కొబ్బరినూనె సీసా, పాత చీర పేలిక తెచ్చి ముందు పెట్టింది. ఆయన తుడుచుకుంటుంటే పేలిక మీదికి మసి దిగి, కింద నుంచి ఆయన రంగు మెల్లగా బయటికి వచ్చింది.

"దేవుడిచ్చిన రంగు మీద రంగు పూస్తుంటె ఎందుకు ఊకున్నవ్ సారూ?"

"పొద్దుగూకితె కడుక్కుంట గద అవ్వా."

"నువ్వు కడుక్కుంటవ్. పూసినోళ్ళు ఎప్పుడు కడుక్కోవాలె?"

సార్ పేలికను మడతపెట్టి మెడ వెనక ఇంకోసారి రుద్దుకున్నాడు. మా నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద బడి పిల్లలతో మ్యాచ్ కుదిరింది ఆ తర్వాతే. పచ్చగడ్డి మైదానం మేం చూసింది అదే మొదలు. గేటులోంచి లోపలికి తొంగి చూసి, "దీనికి గూడ రోజూ స్నానం పోస్తరంటనే" అంది సుజాత. కానీ గేటు దగ్గర వాచ్‌మన్ సార్ను ఆపాడు. షూటింగ్ ఇక్కడ కాదు, పక్క బంగళాలో అన్నాడు. ఈయన మా కోచ్ అన్నాం. లోపలి నుంచి ఒక మేడమ్ వచ్చింది. సార్ను చూసి ఆగి, గుర్తుపట్టింది.

"మొన్నటి సినిమాలో చిన్నపాపను ఎత్తుకుపోయింది ఈయనే కదా? మా పిల్లలంతా చూశారమ్మా. జడుసుకుంటారు. మీరు లోపలికి రండి, ఆయన బయట ఉంటారు."

మర్యాదగానే అంది. అదే మా వైపు తెలివి. తెర మీద దేవుడి వేషం వేసినవాడికి బజారులో దండం పెడతారు, తెర మీద దొంగ వేషం వేసినవాణ్ణి గేటు బయట ఆపుతారు. ఇంటి ముందే సినిమా తయారయ్యే చోట, అది ఎలా తయారవుతుందో రోజూ కళ్ళారా చూసేవాళ్ళే ఈ తప్పు చేస్తారు.

నేను కెప్టెన్ని. సార్ లేకుంటె మేం ఆడం అనాలి. నోరు తెరిచాను. సార్ చెవి పట్టుకున్నాడు. ఆగు, ఏం జరిగినా కదలొద్దు. నోరు మూసుకున్నాను. ఆయన గోడ చుట్టూ తిరిగి వెళ్ళి, అవతల ఉన్న పెద్ద బండ మీదికెక్కి కూర్చున్నాడు. ఆట సాగినంతసేపూ మేం బంతిని సగం, బండను సగం చూశాం. ఆఖర్న రెండు జట్ల పరుగులూ సమానమైనప్పుడు నేను మూడో బేస్ మీద, ఇంకొక్క ఉరుకు ఉరికితే పరుగు వచ్చే చోట ఉన్నాను. బండ మీద ఒక చెయ్యి పైకి లేచి మోకాలి మీద పడింది. అంత దూరం చప్పుడు వినపడదు, నాకు వినపడింది. ఉరికాను. గెలిచాం. కప్పు పట్టుకుని ఫోటో దిగాం. ఆ ఫోటో నా దగ్గర ఉంది. మా తలల పైన గోడ, గోడ పైన బండ, బండ మీద ఒక నల్లటి చుక్క. చూసినవాళ్ళు మరక అనుకుని వేలితో తుడుస్తారు.

ఇంటికొచ్చాక నాయనమ్మ కథంతా విన్నది. "గా మేడమ్‌ను ఏమన్నవే?" అని అడిగింది. ఏమీ అనలేదన్నాను. సార్ ఆగమన్నాడన్నాను. ఆవిడ కప్పు వైపు చూడలేదు. ఒళ్ళో సగం కుట్టిన బంతి ఉంది. ఎవరూ పలకరించకపోయినా దాని దారం ఊడదీయడం మొదలుపెట్టింది.

ఆ బండను తర్వాత పేల్చేశారు. ఇప్పుడక్కడ అద్దాల భవనం ఉంది, మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు బయట నిలబడి టీ తాగుతుంటారు. వాళ్ళమీద నాకు కోపం లేదు. మా మైదానం పోయింది, నాయనమ్మ పోయింది, సార్ కూడా పోయాడు. నేను అమ్మ పనిలోకి వెళ్ళి, ఇప్పుడు నా కింద నలుగురితో కాస్ట్యూములు చూసుకుంటున్నాను. అప్పటికంటే ఇప్పుడు అన్నం బాగా దొరుకుతోంది, పిల్లలు బాగా చదువుతున్నారు. అది అబద్ధం చెప్పను. కానీ ఆ రోజు గేటు దగ్గర మూసుకున్న నోరు మాత్రం నాతోనే పెద్దదైంది. సార్ చెప్పాడని మూసుకున్నానా, పచ్చగడ్డి మీద ఆడాలని మూసుకున్నానా అని నన్ను నేనే ఎన్నోసార్లు అడిగాను. రెండోది కూడా ఉంది.

విగ్రహం రోజున పాత జట్టులో ఆరుగురం వచ్చాం. ఫర్హానా తన కొడుకు బండి మీద, సుజాత తన కర్రీపాయింట్ మూసేసి. నేను గ్లౌజును చేతిసంచిలో పెట్టుకొచ్చాను, ఎందుకో నాకే తెలియదు. ముందు వరసలో కూర్చోబెట్టారు. కమిటీ సెక్రటరీ ప్రసాద్ గారు మైకులో సార్ను మహానుభావుడన్నారు, మార్గదర్శి అన్నారు. ముఖ్య అతిథి తాడు లాగాడు. గుడ్డ జారింది.

గులాబీ కలిసిన గోధుమ రంగు ముఖం. సన్నటి ముక్కు. పక్క పాపిడి తీసి దువ్విన జుట్టు.

"ఈయనెవరే?" అంది ఫర్హానా.

ప్రసాద్ గారు చప్పట్లు కొట్టమని చేతులెత్తారు. నా చెయ్యి దానంతటదే నా చెవి మీదికి వెళ్ళింది. పక్కకు తిరిగి చూడలేదు. చూడనక్కర్లేదు. ఆరుగురిలో ఒక్క అరచెయ్యీ రెండోదాన్ని తాకలేదు. ఇన్నేళ్ళ తర్వాత, పిల్లలను ఎత్తి పెంచిన చేతులు, ఆగమంటే ఆగాయి. ముందు వరస కొట్టకపోయేసరికి వెనక మొదలైన చప్పట్లు కూడా నాలుగు కొట్టి చచ్చిపోయాయి.

"ఏమైందమ్మా?" ప్రసాద్ గారు కిందికి వంగారు.

"మా సార్ గిట్ల లేడు" అన్నాను, లేచి.

"కొంచెం బ్రైట్‌గా ఉండాలని మేమే చెప్పామండీ. రేపటి నుంచి పిల్లలు ఆడుకునే చోటు కదా, మరీ అంత నల్లగా పెడితే పిల్లలు జడుసుకుంటారు."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ మేడమ్ కూడా కాదు. అదే మాట, అదే మర్యాద. ఈసారి నాకు చెవి పట్టుకుని చూపించేవాళ్ళు ఎవరూ లేరు.

"జడుసుకోనియ్యి సార్. మేం ఆ మొఖం చూసుకుంటనే పెరిగినం, ఒక్కళ్ళం జడుసుకోలే. సినిమాల మీరు మీద నలుపు పూసిన్రు, ఇప్పుడు తెలుపు పూసిన్రు. ఆయన రంగు మీకు ఎన్నడు సరిపోతది? గీ మొఖానికి మేం చప్పట్లు కొట్టం."

"అమ్మా, అతిథిగారికి టైమ్ లేదు."

"ఆయనను పొమ్మనుండ్రి. మాకున్నది."

ముఖ్య అతిథి వెళ్ళాడు. వెంట కెమెరాలు వెళ్ళాయి. విగ్రహం చేసిన చారి పక్కన నిలబడి ఉన్నాడు. స్టూడియోల్లో బొమ్మలు పోతపోసే మనిషి, మా బస్తీవాడే. "నేను ముందే చెప్పిన అక్కా, ఇట్ల వద్దని. ముక్కు, జుట్టు పుట్టీ పెట్టి రేపటికల్ల సరిజేస్త. రంగు ఇప్పుడే అయితది, డబ్బాలు బండిల ఉన్నయి. కానీ ఏ రంగు కలపాలె? నాకిచ్చింది బ్లాక్ అండ్ వైట్ ఫోటో."

సంచిలోంచి గ్లౌజు తీశాను. దాన్ని ఎడమ చేతికి తొడుక్కుని విగ్రహం చెంప పక్కన పెట్టి పట్టుకున్నాను. చారి డబ్బా మూత మీద నలుపు వేశాడు, ఎరుపు చుక్క వేశాడు, గ్లౌజు వైపు చూశాడు, ఇంకో చుక్క వేశాడు. ప్రసాద్ గారు కోటు తీసి కుర్చీకి తగిలించి, ఎండ పడకుండా గొడుగు తెచ్చి పట్టుకున్నారు, నాకా విగ్రహానికా అర్థం కాకుండా. నుదురు మారింది, చెంపలు మారాయి, మెడ మారింది. చారి వెనక్కి జరిగి, "సరిపోయిందా అక్కా?" అన్నాడు.

గ్లౌజునూ, ముఖాన్నీ వెలుతురులో మార్చి మార్చి చూశాను.

"ఇంకో పూత పెట్టాలె" అన్నాను.

రెండో పూత ఆరేదాకా ఎవరమూ కుర్చీల్లోంచి కదలలేదు. సుజాత పక్క హోటల్ నుంచి టీ తెప్పించింది. ఎండ వాలేటప్పటికి ఆ ముఖంలోకి మా సార్ వచ్చి కూర్చున్నాడు, ముక్కు ఇంకా వేరేవాళ్ళదే అయినా. నేను చెయ్యెత్తి మోకాలి మీద గట్టిగా చరిచాను, కీలు కలుక్కుమంది. ఆరుగురం ఒక్కసారే లేచి చప్పట్లు కొట్టాం.